మైపాడు ఒడ్డున నేను చూసింది

నెల్లూరు, 1962

అన్నా,

విమానం నడిపేవాడికి సంఘం అండగా ఉంటుందంటివే, ఆ విమానం కింద పడ్డవాడికి ఎవరున్నారు? మీ బావ మద్రాసులో లైసెన్సు తెచ్చుకున్ననాటి నుంచీ అడగాలనుకుంటున్నాను. నవ్వుతావని ఊరుకున్నాను.

ఆయన్ని పైలట్ల సంఘంలో చేర్పించి మంచిపనే చేశావు. ఆస్పత్రి ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు. ఇప్పుడు ప్లీడరునూ పంపారు. ఆయన్ని కొట్టినవాళ్లను జైలుకు పంపడానికి నా సాక్ష్యం ఒక్కటి చాలని ఆ ప్లీడరు అంటున్నాడు.

ఆ రోజు ఈయన పైనుంచి విమానం రెక్కలు ఊపుతానంటే చూద్దామని మైపాడు ఒడ్డున నిలబడ్డాను. ఇంజను చెడి విమానం ఇసుక మీదికి వచ్చేసింది. వల లాగుతున్న పోలేరయ్య తల రెక్క తగిలి పగిలిపోయింది. విమానం అలల్లో బోర్లాపడింది. ఈయన పాకుతూ ఒడ్డెక్కగానే జనం తెడ్లతో బాదారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

ముసలి రమణయ్య అడ్డంపడి అరిచాడు: "ఆగండ్రా! సముద్రం ఒడ్డుకేసినోణ్ణి కొట్టగూడదు. గంగమ్మే వదిలినాక మనమెవురం?"

అందరి తెడ్లూ దిగాయి. పోలేరయ్య భార్య మస్తానమ్మ మాత్రం, "గంగమ్మ వదిలింది. నేను వదల్లా!" అని ఈయన దవడ మీద కొట్టింది. ఆ తర్వాత ఆ జనమే ఈయన్ని మంచం మీద మోసుకొచ్చారు.

ఆమె జైలుకు పోతే పోలేరయ్య చావుకు దావా వేసేవాళ్లే ఉండరట. ప్లీడరు అది కూడా మనకు లాభమేనన్నాడు. కానీ దవడ కదలక ఈయన గంజి మింగలేక ఏడుస్తుంటే, పేరు చెప్పేయాలనే అనిపిస్తుంది.

సోమవారం కోర్టు. చూశానని చెప్పాలో, చూడలేదని చెప్పాలో నాకింకా తేలలేదన్నా.

నీ చెల్లెలు