దీపాలవ్వ గుడిసె తలుపు

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ముందు నీ తప్పు దిద్దుతాను, క్షేమసమాచారాలు తరవాత. “జనం నా రాతను అసహ్యించుకుంటున్నారు అమ్మమ్మా” అని రాశావు. అది నిజం కాదు. అసహ్యం వేసినదాని గురించి ఎవరూ పేజీలకు పేజీలు రాయరు, ముక్కు మూసుకుని పక్కనుంచి వెళ్ళిపోతారు. నువ్వు కథ రాసిన వీడియో గేమ్ మూడో భాగంలో దీపాలవ్వ చచ్చిపోయిందని వాళ్ళు ఇంటర్నెట్లో పెట్టిన గగ్గోలంతా నేను చదివాను. అన్నం మానేసినవాడున్నాడు. ఆఫీసుకు సెలవు పెట్టినవాడున్నాడు. మీ కంపెనీకి శాపనార్థాలు పెట్టి, ఆ కిందే “నాలుగో భాగం ఎప్పుడు?” అని అడిగినవాడూ ఉన్నాడు. దీన్ని అసహ్యం అనరు.

ఇక క్షేమం. ఇక్కడ ముగ్గురం కులాసా. నువ్వడిగినవాటికి జవాబులు: నా మోకాళ్ళు నా మాట వినడం లేదు, అయినా ఈ ఇంట్లో నా మాట వినేదెవరు గనక. మీ అమ్మకు దగ్గు తగ్గి గొంతు తిరిగొచ్చింది, మా ప్రశాంతత పోయింది. కొత్త కళ్ళద్దాలు బాగున్నాయి. మీ నాన్న ముఖం ఇంత స్పష్టంగా చూడాల్సి వస్తుందనుకోలేదు. ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకంటావా? ఫోన్లో నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను మధ్యలో కసురుతాను, అసలు సంగతి ఎక్కడో జారిపోతుంది.

అసలు సంగతిని నువ్వు ఉత్తరం చివర, గది తలుపు గడియ పోయిందన్న వాక్యానికీ చలికి దుప్పటి కొనుక్కున్నానన్న వాక్యానికీ మధ్యన దాచావు. అభిమానుల గోల తట్టుకోలేక మీ కంపెనీ పెద్దాయన అవ్వను బతికించి ముగింపు మార్చమన్నాడు. నువ్వు ఒప్పుకున్నావు. అది రాసిచ్చేసి ఈ పనే మానేస్తానంటున్నావు. తిట్లన్నీ దులిపేసుకున్నావు గానీ, ఎవరో రాసిన ఒక్క మాట ముల్లులా దిగబడిపోయిందన్నావు: “ఈ చావు రాసినవాళ్ళు చావును దగ్గర్నుంచి చూసి ఉండరు.” దాని సంగతికి వస్తాను. కాస్త ఓపిక పట్టు.

“వాళ్ళు రాసేవి నువ్వు చూడొద్దు, బాధేస్తుంది” అని కూడా అన్నావు. ఉద్యోగమంతా ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపుకు కన్ను ఆనించి గడిపినదాన్ని. ఎదుట ఏదో కదులుతుంటే అదేమిటో చూడకుండా ఎలా ఉంటాననుకున్నావు? నీ ఉత్తరం వచ్చేనాటికే అన్నీ చూసేశాను, చూడటంతో ఆగలేదు. మొదటి భాగం నుంచి ఆడాను. మీ నాన్న తోడు. పగలంతా జనం నోళ్ళు తెరిపించి పళ్ళు పీకే మనిషి, సాయంత్రం సోఫా అంచున కూర్చుని, గేమ్ మీటలు నొక్కే నా బొటనవేళ్ళకు పాఠాలు చెప్పాడు. బురదనేల దగ్గర తల లేని గుర్రపువాడు నన్ను పదేపదే నరికాడు.

“అత్తయ్యగారూ, పారిపోండి! ఎడమ బొటనవేలు! ఎడమ!”

“పారిపోయే వయసా అల్లుడుగారూ నాది?”

“మీరు కాదండీ, తెరమీద ఆ మనిషి!”

“వాడు చస్తే తిట్లు నాకేగా పడుతున్నాయి.”

వంటింట్లోంచి మీ అమ్మ వచ్చి నిలబడింది. “బొమ్మ చచ్చిందని ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఈ కేకలేమిటి? పక్కింటివాళ్ళొస్తారు.”

“రానీ. వచ్చి ఈ గుర్రపువాడి సంగతి చూసిపెడితే అంతకన్నానా?” అన్నాడు మీ నాన్న. మీ అమ్మ తల కొట్టుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి మా వెనకాలే నిలబడి, “కుడివైపు గోతి ఉంది, కనబడట్లేదా?” అంది. అప్పట్నుంచి ముగ్గురమయ్యాం.

బురదనేల దాటితే గుడిసె. లోపల దీపాలవ్వ, వంగిన నడుముతో నా లాంతరులో నూనె పోసి, వెనక్కి తిరక్కుండానే “తలుపు వేశావా?” అంది.

మీ నాన్న నా వంక చూశాడు. నేను తెర వంకే చూశాను. “ఈ ముసలామెను ఎక్కడో చూసినట్టుందే” అంది మీ అమ్మ.

ల్యాబులో చలిగది తలుపు ఓరగా ఉండిపోతే నమూనాలు పాడవుతాయి. అందుకని వచ్చేపోయే ప్రతివాళ్ళనూ అడిగి అడిగి, ఆ మాట నోటికి అంటుకుని ఇంటిదాకా వచ్చింది. మీ నాన్న మొదటిసారి మా ఇంట్లో అడుగు పెట్టినప్పుడు కూడా, “రండి” అనేకంటే ముందు అదే అన్నానట. దాన్ని నువ్వు నన్ను అడక్కుండా ఎత్తుకుపోయి ఒక అవ్వకు ఇచ్చావు. దొంగతనం అనను. బాగా వాడావు.

నాకు ముచ్చటేసిందేమిటంటే, ఆ ఒక్క మాట మీద వాళ్ళు కట్టిన మేడలు. ఏడోకన్ను అని పేరు పెట్టుకున్న పెద్దమనిషి, ఆ తలుపు పాతాళపు ద్వారమనీ, అవ్వ దాని కాపలాదారనీ ఒక గ్రంథమే రాశాడు. బొగ్గుకత్తి అనే ఆవిడ, కాదు, అవ్వ మునిగిపోయిన రాజ్యానికి రాణి, మొగుడు తిరిగొస్తాడేమోనని భయం అంది. ఇద్దరూ ఈకకు ఈక, తోకకు తోక పీకి వాదించుకుంటుంటే నేను ఉండబట్టలేక ఒక పేరు పెట్టుకుని ఆ చర్చలో దూరాను. “బాబూ, చలిగాలి లోపలికి రాకుండా అడిగింది, అంతే” అని రాశాను.

అబ్బ, ఎంత పని చేశాననుకున్నావు! మీదపడ్డారు. “ఈ పాత్ర లోతు మీకు అందలేదు” అన్నాడు ఏడోకన్ను. “వయసు మళ్ళినవాళ్ళ మనసు గురించి మీకేం తెలుసు? ముందు మీ ఇంట్లో ముసలివాళ్ళతో పది నిమిషాలు మాట్లాడండి” అంది బొగ్గుకత్తి. ఆ సలహా పాటించి అద్దం ముందు నిలబడి మాట్లాడి చూశాను. పది నిమిషాలు భరించడం కష్టమే.

నవ్వు తీరాక అలవాటు ప్రకారం, ల్యాబులో స్లైడు చూసినట్టు, వాళ్ళ రాతలు మళ్ళీ చూశాను. మొదటిసారి అన్నీ ఒకే రంగులో కనబడతాయి. ఓపికపట్టి కన్ను ఉంచితే, వేరుగా ఉన్న కణం మెల్లిగా పైకి తేలుతుంది. అరిచేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, సిద్ధాంతాలు చేసేవాళ్ళు అందరూ ఒక పని చేశారు. చెప్పి చేసుకున్నది కాదు, ఎవరికివారే. అవ్వ పోయాక, కథ ముందుకు పొమ్మంటున్నా, గుడిసెకు తిరిగి వెళ్ళారు. బస్సు నడిపే ఒకావిడ ఇలా రాసింది: “నాకు పాతాళం గొడవ అక్కర్లేదు. ఇంటికెళితే ఏమైనా అడిగే మనిషి నాకు లేదు. ఈ అవ్వ అడిగేది. ఆమె పోయాక వెళ్ళి ఆ తలుపు వేద్దామని చూశాను. అది పడదు.”

నేనూ వెళ్ళాను. ఎంత నొక్కినా ఆ తలుపు కదల్లేదు. గోడకు వేసిన బొమ్మలా ఉండిపోయింది. “ఇంకోసారి నొక్కండి” అన్నాడు మీ నాన్న. నొక్కాను. “పోనీలెండి” అని, కళ్ళద్దాలు తుడుచుకునే మిషతో అటు తిరిగాడు. పైన క్షేమసమాచారాల్లో ఆయన్ని కూడా కులాసా అని కలిపేశాను గానీ, ఆ రోజు నుంచి కొంచెం నలతగానే ఉన్నాడు.

కనుక వాళ్ళ కోపం చావు మీద కాదే పిచ్చుకా. మూడు భాగాలుగా ఒక ముసలిది తలుపు వేయమని అడిగింది. తీరా వేద్దామని వస్తే వేయనివ్వలేదు. అదీ జబ్బు. మీ పెద్దాయన ఇంకో జబ్బుకు మందిస్తున్నాడు.

ఇప్పుడు ఆ ముల్లు. అది ఎవరు రాశారో పేరు చూశావా? మళ్ళీ చూడు. “చలిగది” అని ఉంటుంది. ఆ పేరు చూసి కూడా నీకు తట్టలేదంటే, ఎంత దిగులులో ఉండి చదివావో నాకు అర్థమవుతోంది. ఆ మాట నాది. నిన్ను పొడవాలని కాదు, నీ పాఠకురాలిగా కోపమొచ్చి రాశాను. అవ్వ పోయినందుకు కాదు నా కోపం. పోతూ పోతూ అంత ఉపన్యాసం ఇచ్చినందుకు. చీకటి గురించి, వెలుగు గురించి, త్యాగం గురించి! నేనైతే అంత మాట్లాడను, మాట్లాడేవాళ్ళను ఇక చాలు, కూర్చోమంటాను.

మీ తాతయ్య పోయే ముందు నిన్ను పక్కింటికి పంపించాం, చిన్నపిల్లవు. నువ్వు చూడలేదు. ఆయన చివరిగా నాతో అన్నది, “మబ్బేసింది, దండెం మీద బట్టలు తీశావా?” అని. అంతే. తీశానన్నాను. అది అబద్ధం. తరవాత ఆ తడిసిన బట్టలు పిండుతున్నప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే నువ్వు ఆ ఉపన్యాసం రాసేదానివి కాదు. ముల్లు తీసేదాకా నొప్పే. తీశాను కదా, ఇక మందు విను.

అవ్వను బతికించకు. అలా తిరిగొచ్చి ఏం చెప్పాలో ఆమెకూ తెలియదు. ఉపన్యాసం కొట్టెయ్యి. ఆటగాడు గుడిసెకొస్తాడు, పొయ్యి చల్లారి ఉంటుంది, లాంతరులో నూనె ముందే పోసి ఉంటుంది, తలుపు తెరిచి ఉంటుంది. ఎవరూ ఏమీ అడగరు. తలుపు వేయాలో వద్దో వాడిష్టం. వేస్తే మాత్రం అది పడాలి, చప్పుడుతో సహా. మీ పెద్దాయనకు ఇది నా మాటగా కాదు, నీ మాటగా చెప్పు. వినకపోతే అప్పుడు మానెయ్యి, నేనేమీ అనను. నీకు రాయడం రాదనుకుని మాత్రం మానకు. రాదనుకుంటే నీమీద అంత కోపం తెచ్చుకుని ఉండేదాన్ని కాదు.

ఇక నీకో చిన్న పని. నీ గది గడియ పోయి తలుపు సందులో తువ్వాలు కుక్కుతున్నావన్నావు. ఆదివారం దాకా ఆగకుండా రేపే పాత గడియ మరలతో సహా ఊడదీసి ఇనుప సామాన్ల కొట్టుకు పట్టుకెళ్ళు. నోటితో కొలతలు చెప్పకు, వస్తువు చూపించి అచ్చం అలాంటిదే ఇమ్మను. తలుపు చెక్కలో పాత రంధ్రాలు వదులై ఉంటాయి, మరలు పట్టవు. తలలు విరిచేసిన అగ్గిపుల్లలు జిగురులో ముంచి వాటిలో కూరి, ఆరాక మరలు బిగించు. ముందు పైది, తరవాత కిందది. బిగించాక తలుపు వేసి, బయట నిలబడి ఒకసారి తోసి చూడు.

ఇట్లు,
నీ మీద ఒక మాట విసిరి, తిరిగి తీసుకోని
అమ్మమ్మ