పాల చీర

తొండుపల్లి,
సోమవారం

ప్రాణమైన శ్రీలతక్కకు,

ఫోన్‌లో మాట్లాడితే పక్కన కవిత వింటుంది. అందుకే రాత్రిపూట ఎడమ చేత్తో ఈ వంకర రాత. పక్షవాతంతో నా కుడిచెయ్యి పడిపోయాక ఇంటి పనంతా మా తోడికోడలు కవితే చేస్తోంది. అందరూ దాన్ని మెచ్చుకునేవాళ్లే. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది.

నా బర్రె సంగతి నీకు తెలుసు. నెత్తిమీద విమానం పోయినా బెదరదు కానీ, నేను తప్ప ఎవరు పొదుగు ముట్టినా తంతుంది. కవిత ఏం చేసిందో చూడు, నేను పాలు పిండేటప్పుడు కట్టుకునే పాత చీర కట్టుకుని పోయింది. ఆ వాసనకు నేనే అనుకుని బర్రె తన్నకుండా పాలు చేపేసింది. మంచం మీద నుంచి అంతా చూశాను. ఆ చీర ఉంటే చాలు, ఇక నేనెందుకు అనిపించింది అక్కా.

దవాఖానలో కొత్త పద్ధతి పెట్టారు. పడిపోయిన చెయ్యి తప్పనిసరై పని నేర్చుకోవాలని, పగలంతా బాగున్న చేతికి మందపాటి తొడుగు వేసి పట్టీ బిగిస్తారు. చేతికి సాధన చేయించే మనీషా మేడం మెత్తని బంతి ఇచ్చి పిసకమంటుంది. నా వేళ్లు కాస్త కదులుతాయి, పట్టు మాత్రం రాదు.

రేపు ఆ చీర నానబెట్టి వాసన పోయేదాకా ఉతుకుతాను. తప్పని తెలుసు. అయినా ఉతుకుతాను.

నీ చెల్లెలు
మంజుల

శుక్రవారం

అక్కా,

అన్నంత పనీ చేశాను. ఎవరూ లేనప్పుడు చీర సబ్బునీళ్లలో వేశాను. ఎడమ చేతికి తొడుగు ఉంది, పట్టీ విప్పడం కుడిచేతికి రాదు. కసికొద్దీ కుడిచేత్తోనే రుద్దాను. ఒక కొస మోకాళ్ల మధ్య ఇరికించి, మెలిపెట్టి పిండి, తీగ మీద వేశాను.

మర్నాడు ఆ చీరే కట్టుకుని పోయిన కవితను బర్రె ఒక్క తన్ను తన్నింది. నాకు లోపల చల్లగా అనిపించింది. కవిత మోచెయ్యి రుద్దుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది.

"అక్కా, ఈ చీర నువ్వే ఉతికినవా?"

"అవును. ఏం జేస్తవు?"

"చేతికి తొడుగు ఉండంగనే?"

తిడుతుందనుకున్నాను. నా కుడిచెయ్యి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసింది.

"బంతి పిసుకరాదంటివి, మరి చీరెట్ల పిండినవు? ఇగ నడువు, బర్రె కాడికి పోదాం."

మనీషా మేడంకు కూడా ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ బంతి పక్కన పెట్టి, రోజూ బర్రె దగ్గరే సాధన చేయమంది.

ఈ పొద్దున నేను పొదుగు నిమరగానే బర్రె చేపింది. నా వేళ్లకు వచ్చింది ఒక సన్నటి ధార, నేను నిమురుతుండగా మిగతాదంతా కవితే పిండింది. ఆ ధారకే వాడకట్టంతా తిరిగి మా అక్క పాలు పిండిందని చెప్పుకుంది. నేను కావాలని తన్నించానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. కవిత చోట నేనుంటే అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు బర్రె గురించి నాకు బాధ లేదక్కా. ఆ మంచితనం కవితకెట్లా వచ్చిందా అని కుళ్లుకుంటున్నాను.

మంజుల