అక్క చెప్పిన ఎత్తు

చిట్టికి అమ్మమ్మ దీవెనలు.

డాక్టరు నన్ను సైకిలు మానెయ్యమన్నాడని మీ అమ్మతో చెప్పావట. ఆయన వద్దన్నది ఎక్కువ నడకనూ, మెట్లనూ. సైకిలు తొక్కితే మోకాలికి మంచిదేనన్నాడు. నేను రాసిన కార్డు సగం చదివి మిగతా సగం నువ్వే అల్లేశావు.

అయినా నొప్పి తగ్గలేదు. పడిపోతానన్న భయంతో, పాదాలు నేలకు ఆనేలా సీటు బాగా కిందికి దింపించుకున్నాను. మొన్న అలాగే తొక్కుకుంటూ మా అక్క ఉన్న ఆసుపత్రికి వెళ్ళాను. పక్షవాతంతో ఆవిడకు మాట పడిపోయింది కదా. కిటికీలోంచి నా రాక చూసినట్టుంది, మంచం దగ్గరికి వెళ్ళగానే ముద్దముద్దగా, "సీటు ఎత్తించవే, మొద్దూ!" అంది. నాకు సైకిలు నేర్పింది ఆవిడే. నేను పుట్టినప్పటి నుంచి తిడుతూనే ఉంది. ఈ తిట్టుకు మాత్రం నర్సు ముందే ఏడ్చేశాను.

మాట వచ్చినా మనిషి ఎక్కువ రోజులు నిలవదని అక్కడి డాక్టరు చెప్పాడు. నేను వెళ్ళి కూర్చుంటే తప్ప తిండి ముట్టడం లేదు. అందుకని రోజూ వెళ్ళి తీరాలి.

సీటు ఎత్తించాక మోకాలు శాంతించింది. కానీ ఎత్తయిన సీటు మీంచీ, మధ్య కడ్డీ మీంచీ కాలు వెయ్యలేక, డాక్టరు వద్దన్న మెట్టు పక్కనే ఆపి, దాని మీద నిలబడి ఎక్కుతున్నాను. మీ అమ్మది కడ్డీ కిందికి వంగిన సైకిలు ఊరికే పడి ఉందిగా. రేపే టైర్లూ, బ్రేకులూ బాగుచేయించి పార్సిలు లారీలో వేయించు. రంగులు వేయిస్తూ కూర్చోకు. వెనక కారియరు మాత్రం ఊడదీయనివ్వకు, అక్క బట్టలు ఉతికి పట్టుకెళ్ళాలి.