ఈసారి బెల్‌గ్రేడ్‌లో ఆగుతాం

డూయిస్‌బర్గ్, జూలై 9

హాజెర్ అక్కా, ఇక్కడ అందరం క్షేమం. ఈసారి కారులో ఊరికి రెండు రోజుల్లో కాదు, ఎనిమిది రోజుల్లో వస్తాం. కంగారు పడకు.

దారి వేసింది కోడలు గుల్తెన్. వంటింటి బల్ల మీద పటం పరిచి, "అత్తయ్యా, మీకెక్కడ ఆగాలని ఉంది?" అని అడిగింది. నలభై ఏళ్లలో నేను అడగని మాట అది. నీ మరదలు నాజియే ఆలోచించనైనా లేదు. "బెల్‌గ్రేడ్‌లో, రెండు నదులు కలిసేచోట" అంది. అక్కడి కోట గురించి చదివినవాణ్ని కనుక నేను అందుకుని చెప్పబోయాను. "ఏటా వంతెన మీద కారు పరుగెత్తిస్తూ ఇదే చెప్పారుగా! మీరు చదివారు, సరే. నన్ను చూడనివ్వండి" అంది.

దీనికంతటికీ మూలం మీ ఆయన. ఒకప్పుడు ఇక్కడినుంచి నలభై గంటల్లో ఊరు చేరానని టీకొట్లో కోతలు కోసి, మమ్మల్నందరినీ పందెపు గుర్రాల్ని చేశాడు. ఈ ముక్క బావకి పైకి చదివి వినిపించు. నాజియే మోకాళ్ల కోసం కోడలు రోజుకి ఐదు గంటలకు మించి ప్రయాణం పెట్టలేదు. ఇంత తెలివి నా పుస్తకాల్లో ఎక్కడా కనబడలేదు.

అన్నం కూరిన ద్రాక్షాకుల చుట్టలు ముందే చేసి పెట్టకు, పాడవుతాయి. నీ బీపీ మాత్రల పేరు రాయి, తెస్తాం. మేడ మీద గది కప్పు బాగు చేయించారా?

బండి కోడలే నడుపుతుంది. నాజియే ముందు కూర్చుంటుంది. ఇన్నేళ్లూ పిల్లల్ని ఒళ్లో వేసుకుని ఆమె కూర్చున్న వెనక సీటు ఇప్పుడు నాది.

పిల్లలకు దీవెనలు. మేం వచ్చేదాకా బావని గంటలు లెక్కపెట్టుకోమను.

నీ తమ్ముడు
ఇస్మెత్