కుంకుమ కింది ఎర్రదీపం

కొత్తకోట, 12-11-91

కౌసల్యకు, నేను బాగున్నాను, మీరంతా బాగున్నారని తలుస్తాను.

నడిరోడ్డు మీద సేటు కారును నేను నెడుతుంటే ఎల్లయ్య మామ చూశాడు, నీకు చెప్పే ఉంటాడు. ఫికరు పడకు, బాగైంది. పదిరోజులుగా తాళం తిప్పితే ఇంజను మూలిగి మూలిగి అందుకునేది. బ్యాటరీకి రెండుసార్లు చార్జింగు పెట్టించినా అంతే. బండిని సరిగ్గా చూసుకోవడం లేదని సేటు తాళాలు వెనక్కి అడిగేదాకా వచ్చింది.

చివరికి మెకానిక్ ఖుద్దూస్ భాయి నా సీట్లో కూర్చుని, దసరానాడు నువ్వు మీటరు అద్దం మీద పెట్టిన కుంకుమ బొట్లు చూశాడు. ఒకదాన్ని గోటితో గీకితే లోపల ఎర్రదీపం! "ఇంజన్ చాలూ అయినంక గీ లైటు ఆరాలె. ఆర్తలేదంటె బ్యాటరీకి చార్జింగ్ ఎక్కుతలేదు. డైనమో తిప్పే బెల్టు వదులైంది" అన్నాడు. ఇన్నాళ్లూ అది కుంకుమ మెరుపే అనుకున్నాను. బెల్టు బిగించి, బ్యాటరీకి ఇంకోసారి చార్జింగు పెట్టాక ఒక్క తిప్పుకే అందుకుంది, దీపమూ ఆరింది. నేను గుడ్డతో మిగతాది తుడవబోతే, "వదినె పెట్టింది, ఉండనియ్యి. లైటు కనవడేంత జాగ చాలు" అని చెయ్యి పట్టుకున్నాడు.

పాపకు చెవిపోటు తగ్గిందా? లేకపోతే దవాఖానకు తీసుకుపో, ఆకుపసరు పోయకు. ఆముదాలు కొట్టడం అయిందా? నా ఉన్ని బనీను ఎల్లయ్య మామతో పంపు. అమ్మకు దండాలు, పాపకు దీవెనలు.

ఇప్పుడు రోజూ పొద్దున తాళం తిప్పి, దీపం ఆరిందా అని చూస్తాను. దాని చుట్టూ నీ కుంకుమ ఉంటుంది.

బుచ్చయ్య