నీ ఈకల కాక్ డబ్బా

బావా,

నైలాన్ కాక్‌తో షటిల్ ఆడేవాడికి ఆటే రాదని ఆరేళ్ల కిందట క్లబ్బులో అందరి ముందూ నన్ను అన్నావు. అది నేను మరిచిపోలేదు. నైలాన్ కాక్ నెలంతా మన్నుతుంది, నీ ఈకల కాక్ రెండు ఆటలకే చిరిగిపోతుంది. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఆ రోజు కోపంలో నువ్వు వదిలేసిన కాక్‌ల డబ్బా నా దగ్గరే ఉంది. ఈకలు ఎండితే విరుగుతాయని వారానికోసారి వాటికి ఆవిరి పట్టిస్తున్నాను. నాకు జోడీ ఎవరూ కుదరలేదు. రోజూ సాయంత్రం గోడతో ఆడుతున్నాను. గోడ నన్ను తిట్టదు, అదే దాని లోపం.

శనివారం నీ కాక్‌తోనే ఆడదాం. తగ్గానని మాత్రం అనుకోకు. వస్తావో రావో గురువారం లోపల రాయి. రానంటే అదైనా రాయి. ఇంకా గేటు వైపు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.

నీ బావ