దీవికి కారు రాదు

అన్నయ్యా,

నువ్వు ఫోనెత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఈ సెలవుల్లో అందరం ఒక చిన్న దీవికి వెళ్దామనుకుంటున్నాం. ఇసుక ఒడ్డునే ఇల్లు మాట్లాడాను. అమ్మ అప్పుడే సంచి సర్దేసి, దాన్ని ఆనుకుని కూర్చుంటోంది. వదిన సరేనంది. నీతో మాత్రం నన్నే చెప్పుకోమంది.

పోయినసారి మా ఆయన నీ డ్రైవింగు మీద ఏదో అన్నారని, సగం అన్నంలో చెయ్యి కడుక్కుని కారెక్కి వెళ్ళిపోయావు. ఇన్నేళ్ళు బస్సు నడిపినవాడితో అనాల్సిన మాట కాదది. ఇప్పుడాయనే, "పడవలో ముందు సీటు బావకే" అంటున్నారు. ఆయన నోట క్షమాపణ అంటే అంతే, సర్దుకో.

నేను దీవినే ఎందుకు వెతికానో నీకు అర్థమయ్యే ఉంటుంది. అక్కడికి కారు రాదు. పడవ కూడా పొద్దున ఒక్కసారే. అలగొద్దని అనను, అది నీవల్ల కాని పని. కోపమొస్తే ఒడ్డు వెంబడే విసవిసా నడిచి వెళ్ళిపో. వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. చిన్న దీవి కదా, ఎంత దూరం పోయినా చుట్టూ తిరిగి మళ్ళీ మా గుమ్మం ముందుకే వస్తావు.

అప్పటిదాకా నీ కంచం తియ్యను.

నీ చెల్లి